మృత సముద్రం: సోరియాసిస్, మోకాళ్ళ నొప్పులు, ఈత రాని నాన్నగారు

నమస్తే అండి. మీరు రాసినది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి అరవై దాటాయి, ఎన్నో ఏళ్ళుగా సోరియాసిస్, దాంతోపాటు మోకాళ్ళ నొప్పులు, షుగరు. చర్చి వాళ్ళ బృందంతో అమ్మానాన్నలు హోలీ ల్యాండ్ యాత్రకు బయల్దేరుతున్నారు. మృత సముద్రంలో ఒక్క మునక వేసి ఆ బురద పూసుకుంటే చర్మవ్యాధి పోతుందని ఎవరో గట్టిగా చెప్పారు. అది నిజమేనా? నాన్నగారికి ఈత రాదు, దిగవచ్చా? ఊరికే వెళ్ళొచ్చే బదులు ఆ ఉప్పు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే సరిపోదా?

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఫార్మసీ చదివి కొన్నేళ్ళు ఆసుపత్రిలో మందుల విభాగం చూశాను. ఆ తర్వాత గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నుంచి వెళ్ళే యాత్రా బృందాలకు టూర్ లీడర్‌గా ఉంటున్నాను. డాక్టర్ని కాను. మందులు మార్చే మాట వస్తే మీ స్కిన్ డాక్టర్ చెప్పిందే వినండి.

ముందు సూటిగా జవాబు. సోరియాసిస్‌కు ఆ చోటు మేలు చేస్తుందన్నది వట్టి ప్రచారం కాదు, దాని వెనక పరిశోధన ఉంది. కాకపోతే మేలు చేసేది అక్కడ నాలుగు వారాల మకాం. మీ వాళ్ళ ప్రోగ్రాంలో మృత సముద్రానికి ఇచ్చేది మహా అయితే గంటన్నర. అందులో బట్టలు మార్చుకోవడానికి, క్యూలో నిలబడి షవర్ కింద కడుక్కోవడానికి సగం పోతుంది. అమ్మగారు ఆ చోటు చూడటానికి వెళ్ళాలి, తప్పకుండా దిగాలి కూడా. జబ్బు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టి పంపకండి. తిరిగొచ్చాక మచ్చలు అలాగే ఉంటే తన విశ్వాసంలోనే లోపం ఉందేమోనని కుమిలిపోయిన వాళ్ళను చూశాను.

ఇక ఆ నీళ్ళ గురించి. ఇది తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబు వచ్చేసినట్టే.

పేరుకు సముద్రమే గానీ అది చుట్టూ నేల ఉన్న సరస్సు. తూర్పున జోర్డాన్ దేశం, పడమర ఒడ్డున ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్. ఉత్తరం నుంచి యొర్దాను నది వచ్చి కలుస్తుంది. బయటికి పోయే దారి మాత్రం లేదు. నీటి మట్టం మామూలు సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా కిందనుంది. భూమ్మీద ఆరుబయట నేల ఇంత పల్లంగా మరెక్కడా లేదు. యెరూషలేము దాదాపు 800 మీటర్ల ఎత్తున కొండల మీద ఉంటుంది. అక్కడ బస్సెక్కితే గంటలోపే ఈ లోయలో దిగుతాం. దారిలో సముద్ర మట్టం ఇక్కడే అని రాసిన పలక వస్తుంది. ఆ పలక దాటాక కూడా బస్సు దిగుతూనే ఉంటుంది, చెవులు దిబ్బడ వేస్తాయి. యెరూషలేములో తాగేసిన ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత బిగించి సీటు పక్కన పెట్టుకోమనండి. ఒడ్డుకు చేరేసరికి బయటి గాలి ఒత్తిడికి అది సొట్టలు పడి ఉంటుంది. బృందంలో ఎవరికి చూపించినా ఆశ్చర్యపోతారు.

ఆ లోయలో ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. వచ్చిన నీళ్ళు ఆవిరైపోవడమే తప్ప ఎటూ పోలేవు, తెచ్చిన లవణాలు మాత్రం మిగిలిపోతాయి. మామూలు సముద్రంలో లీటరు నీళ్ళకు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడ దాదాపు 340 గ్రాములు. ప్రపంచంలోకెల్లా ఉప్పటి నీళ్ళు ఇవేనని కొందరు గైడ్లు చెప్పేస్తుంటారు. అది నిజం కాదు. అంటార్కిటికాలో డాన్ జువాన్ అనే మడుగు, ఇతియోపియాలో గయెతాలే అనే మడుగు 40 శాతం దాటాయి. అయితే అవి చిన్న మడుగులు. ఇది దాదాపు 300 మీటర్ల లోతున్న సరస్సు, జనం దిగి తేలగలిగేది.

ఇందులో ఉన్న ఉప్పు మనం కూరలో వేసుకునేది కాదు. సముద్రపు ఉప్పులో సింహభాగం సోడియం క్లోరైడ్. మృత సముద్రపు లవణాల్లో సగం దాకా మెగ్నీషియం క్లోరైడే. సోడియం క్లోరైడ్ మూడో వంతు లోపే ఉంటుంది. తర్వాత కాల్షియం క్లోరైడ్, కొంచెం పొటాషియం, బ్రోమైడ్లు. చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఉప్పు గట్టిపడి దాన్ని లాగేశాక మడిలో చిక్కటి చేదు నీళ్ళు మిగులుతాయి కదా, మృత సముద్రం మొత్తం ఆ బాపతు నీళ్ళే. లక్షల ఏళ్ళ కిందట సముద్రపు నీళ్ళు ఆ లోయలోకి చొచ్చుకొచ్చి ఇగిరిపోయాయి. సోడియం ఉప్పు ముందుగా గట్టిపడి అడుక్కు చేరింది, మెగ్నీషియం లవణాలు నీళ్ళలో నిలిచిపోయాయి. సున్నపురాళ్ళతో ఆ నీళ్ళు చర్య జరపడంతో కాల్షియం కూడా వచ్చి చేరింది.

అడుక్కు చేరిన ఆ పాత ఉప్పును కూడా కళ్ళారా చూడొచ్చు. దక్షిణపు కొసన సొదొమ కొండ ఉంది. పేరుకున్న ఉప్పు పైనున్న మట్టి బరువుకు నేలను చీల్చుకుని పైకి ఉబికి కొండయింది. దాని లోపల మల్హాం అనే గుహ ఉంది. 2019లో కొలిస్తే 10 కిలోమీటర్లు తేలింది, ఉప్పు గుహల్లో ప్రపంచంలోనే పొడవైనది. బైబిలు కథలో ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్య ఇదే అని గైడ్లు చూపించే స్తంభం ఈ కొండ అంచునే ఉంది. బస్సు కిటికీలోంచి చూపించి పోనిస్తారు గానీ, టైముంటే ఆపమని అడగండి.

నీళ్ళు చేతికి జిడ్డుగా తగులుతాయి. నాలిక మీద ఒక్క బొట్టు పడినా ఉప్పదనం కంటే ముందు చేదు, ఆ వెంటనే మంట తెలుస్తాయి. ఈ చేదు మెగ్నీషియానిది. చర్మానికి మేలు చేసేదీ, కడుపులోకి వెళ్తే ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే.

ఇప్పుడు నాన్నగారి విషయానికి వద్దాం. లీటరు మంచినీళ్ళు ఒక కిలో తూగితే ఈ నీళ్ళు 1.24 కిలోలు తూగుతాయి. మన ఒళ్ళు ఇంచుమించు మంచినీళ్ళ బరువే. అందువల్ల ఒంట్లో దాదాపు ఐదో వంతు ఎప్పుడూ నీటిపైనే ఉండిపోతుంది. మునుగుదామన్నా మునగలేం. ఇది ఈనాటి వింత కాదు. మొదటి శతాబ్దంలో రోమన్ సేనాని వెస్పేషియన్ ఇక్కడికొచ్చి, ఈత రాని మనుషుల చేతులు వెనక్కి కట్టించి లోతులో పడేయించాడట. అందరూ పైకి తేలారని ఆ కాలపు చరిత్రకారుడే రాసిపెట్టాడు. ఆ వెస్పేషియనే ఆ తర్వాత చక్రవర్తి కూడా అయ్యాడు. ఆ పరీక్షకు దొరికిన వాళ్ళ గతి తలచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తేలతాం కాబట్టి ప్రమాదం లేదని మాత్రం అనుకోకండి. అక్కడ మునక ప్రమాదాలు ఏటా జరుగుతూనే ఉంటాయి, మోకాలి పైలోతు నీళ్ళలో కూడా. కారణం ఏమిటంటే, బొడ్డు లోతుకు వచ్చేసరికి నీళ్ళు కాళ్ళను పైకి నెట్టేస్తాయి. వెల్లకిలా ఉంటే హాయిగా ఉంటుంది. పొరపాటున బోర్లా పడ్డారనుకోండి, కాళ్ళూ నడుమూ నీటిపైకి లేచి, ముఖం నీళ్ళలో ఉండిపోతుంది. పాదాలు కిందికి ఆనవు, తిరగబడటానికి బలం చాలదు. వయసు మళ్ళినవాళ్ళు కంగారులో నోరు తెరుస్తారు. కొన్ని గుటకలు లోపలికి వెళ్తే చాలు, రక్తంలో మెగ్నీషియం, కాల్షియం ఒక్కసారిగా పెరిగి గుండె లయ తప్పుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. ఇలాంటి వాళ్ళకు డయాలిసిస్ చేయాల్సి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి ఎవరైనా ఆ నీళ్ళు గట్టిగా మింగితే, పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, వెంటనే లైఫ్‌గార్డ్‌కు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ‘కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది’ అని బస్సెక్కించకూడదు.

దిగే పద్ధతి చెబుతాను, నాన్నగారికి ఇంట్లోనే కుర్చీలో కూర్చోబెట్టి నేర్పించండి. చెప్పులు వేసుకునే దిగాలి. అడుగున ఉప్పు గడ్డలు గాజుపెంకుల పదునుతో ఉంటాయి. మోకాలి లోతు దాకా మెల్లగా నడిచి, ఒడ్డు వైపు తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చోవాలి. నీళ్ళే లేపుతాయి. చేతులు ఆడించకూడదు, పక్కవాళ్ళ మీద నీళ్ళు చల్లే సరదా అసలే వద్దు. లేవాలంటే మోకాళ్ళు ఛాతీ దగ్గరికి ముడుచుకుని, చేతులతో నీటిని వెనక్కి నెడుతూ, పాదాలు నేలకు ఆనాక నిలబడాలి. మనవాళ్ళలో ఎక్కువమంది తడబడేది ఈ లేవడం దగ్గరే. ఎవరో ఒకరు చేయందించాలి.

ఆడవాళ్ళు చీరతో దిగొద్దు. చీర, లంగా నీళ్ళమీద గొడుగులా విప్పుకుని కాళ్ళకు చుట్టుకుంటాయి, ఆ కంగారులోనే బోర్లా పడతారు. పాత చుడీదారో, ముదురు రంగు లెగ్గింగు పైన కుర్తానో నయం. ఆ బట్టలు మళ్ళీ పనికొస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు, ఆరితే అప్పడంలా బిగుస్తాయి. వెండి పట్టీలు, మెట్టెలు నల్లబడతాయి. తాళి, గాజులు తీయడానికి ఇష్టపడని వాళ్ళుంటారు, బంగారానికి పెద్దగా ఏమీ కాదులెండి. కానీ రాళ్ళు అతికించిన నగలు మాత్రం తీసేయమనండి.

ఒడ్డున జెండాలుంటాయి. తెల్లది ఎగురుతుంటే దిగొచ్చు, ఎర్రదైతే ప్రమాదం, నల్లదైతే దిగడమే నిషేధం. గాలి గట్టిగా వీచే రోజు తేలుతున్న మనిషిని తెలియకుండానే లోపలికి తోసుకుపోతుంది, తిరిగి రావడానికి ఈదబోతే కాళ్ళు నీటిపైకే లేస్తాయి గానీ ఈత సాగదు. లైఫ్‌గార్డ్ లేని చోట ఎంత అందంగా కనిపించినా దిగనివ్వకండి.

ఇక చర్మం సంగతి. 1950ల చివర నుంచీ అక్కడ సోరియాసిస్‌కు వాతావరణ చికిత్స పేరుతో వైద్యం జరుగుతోంది. జర్మనీ, డెన్మార్క్ లాంటి దేశాల్లో బీమా సంస్థలో ప్రభుత్వమో ఖర్చు పెట్టుకుని రోగులను పంపిన రోజులున్నాయి. మామూలుగా 28 రోజుల బస. డాక్టర్ పర్యవేక్షణలో మొదటి రోజు కొద్ది నిమిషాలు ఎండలో ఉంచి, రోజురోజుకీ పెంచుకుంటూ పోతారు. రోజుకు రెండుమూడుసార్లు నీళ్ళలో కాసేపు. మధ్యలో మాయిశ్చరైజర్లు. నాలుగు వారాలయ్యేసరికి ఎక్కువమందిలో మచ్చలు చాలా వరకు తగ్గినట్టు అధ్యయనాలు చూపించాయి. మాయమైపోయినవాళ్ళూ ఉన్నారు. తర్వాత కొన్ని నెలలు బాగుంటుంది, ఆపైన మెల్లగా తిరిగొస్తుంది. సోరియాసిస్‌కు శాశ్వత నివారణ ఇప్పటికీ లేదు కాబట్టి ఆ కొన్ని నెలలే ఎంతో విలువైనవి, అది వేరే మాట.

అక్కడి ఎండకు ఒక విశేషం ఉంది. కిరణాలు అదనంగా 400 మీటర్ల పైచిలుకు గాలి పొరను, నీటిమీద ఎప్పుడూ కమ్ముకుని ఉండే ఆవిరిని దాటి రావాలి. చర్మాన్ని ఎక్కువ మాడ్చే పొట్టి తరంగాల అతినీలలోహిత కిరణాలు ఆ దారిలో కొంత వడపోతకు గురవుతాయి. దాంతో రోగి తొందరగా కమిలిపోకుండా ఎక్కువసేపు ఎండలో ఉండగలుగుతాడు. నా అంచనా ప్రకారం పనిలో పెద్ద వాటా ఈ ఎండదే. ఉప్పునీళ్ళు పొట్టు ఊడేలా చేసి, చర్మాన్ని మెత్తబరిచి, ఎండకు దారి ఇస్తాయి. దానికి తోడు నెల రోజులు ఆఫీసు, ఇల్లు, టెన్షన్ ఏవీ ఉండవు. సోరియాసిస్‌కు టెన్షన్ ఎంత శత్రువో అమ్మగారినే అడగండి.

మెగ్నీషియం సొంతంగా చేసే మేలు కూడా కొంత ఉంది. 2005లో జర్మనీలో పొడిబారే ఎలర్జీ చర్మం ఉన్నవాళ్ళతో ఒక పరీక్ష చేశారు. ఒక ముంజేయిని 5 శాతం మృత సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళలో, రెండోదాన్ని మామూలు కుళాయి నీళ్ళలో 15 నిమిషాలు ఉంచారు. ఉప్పునీళ్ళలో ఉన్న చేతి చర్మం తేమను బాగా నిలుపుకుంది, గరుకుదనం, ఎర్రదనం తగ్గాయి. నాకు నచ్చిన పరీక్ష ఇది, ఒకే మనిషి రెండు చేతులూ కాబట్టి సాకులకు చోటు లేదు.

ఆ నాలుగు వారాలు అందరికీ కుదరదు, ఖర్చు కూడా తలకు మించింది. సోరియాసిస్‌కు కిరణాలే ముఖ్యం అనుకున్నప్పుడు, న్యారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల చికిత్స మన పెద్దాసుపత్రుల చర్మ విభాగాల్లోనే దొరుకుతోంది. వారానికి రెండుమూడుసార్లు వెళ్ళి నిలబడి రావడమే. అమ్మగారికి ఇంతవరకూ ఎవరూ చెప్పకపోతే అడిగి చూడండి. పదిహేను రోజుల యాత్ర ఖర్చులో కొద్ది భాగంతో అయిపోతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. అమ్మగారి మచ్చలు పగిలి, నెత్తురు చారలు ఉంటే ఆ నీళ్ళలో దిగనివ్వకండి. దిగిన మరుక్షణం కేక పెడతారు. ఒళ్ళంతా ఎర్రబారి ఉన్న దశలో అయితే అసలే వద్దు. అలాగే కొన్ని బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు కలిసి ఉంటుంది, పేరు చివర హెచ్ అక్షరం ఉన్నవి చాలావరకు అవే. దానికి ఎండ పడదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నా అంతే, తొందరగా కమిలిపోతారు. మందుల చీటీ ఒకసారి డాక్టర్‌కు చూపించి, అక్కడి ఎండలో ఉండొచ్చా అని అడగండి. తమంతట తాము మాత్ర మానేయడం మాత్రం చేయొద్దు.

షుగరు ఉంది కాబట్టి పాదాలు. కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు ఉప్పు గడ్డ కోసినా తెలియదు, ఒడ్డున ఇసుక ఎంత కాలుతోందో కూడా తెలియదు. దిగేముందు మీ నాన్నగారి చేత అమ్మగారి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూపించండి. చిన్న పుండున్నా ఒడ్డున కూర్చోవడమే మంచిది. వేళ్ళకు గట్టిగా ఉండే రబ్బరు బూట్లు అక్కడే దొరుకుతాయి, ఇక్కడి నుంచి తీసుకెళ్తే ఇంకా చవక. మగవాళ్ళు ముందురోజు నుంచే గడ్డం గీసుకోకూడదు, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా బృందానికి ఒకరు పొద్దున్నే నున్నగా గీసుకుని వస్తారు. కంట్లో చుక్క పడితే చేత్తో నలపకూడదు, ఆ చేతికీ ఉప్పే ఉంటుంది. చిన్న మంచినీళ్ళ సీసా మెడకు తగిలించుకుని దిగితే కంటిమీద పోసుకోవచ్చు. లోపల ఉండేది 10 నుంచి 15 నిమిషాలు, అంతకు మించి వద్దు. బయటికొచ్చాక మంచినీళ్ళ షవర్, ఆ తర్వాత కొబ్బరినూనెయినా సరే ఒంటికి పట్టించాలి. దాహం తెలియకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఈ మధ్యే గుండె సమస్య వచ్చినవాళ్ళు డాక్టర్ ఒప్పుకుంటేనే దిగాలి.

మోకాళ్ళ గురించి తక్కువే చెప్పగలను. వేడి బురద పట్టు, అక్కడి గంధకపు నీటి స్నానాలు కీళ్ళవాతం, అరిగిన మోకాళ్ళ నొప్పిని కొన్ని వారాల పాటు తగ్గించాయని ఇజ్రాయెల్ డాక్టర్లు చేసిన చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అవి కూడా రెండు వారాలు రోజూ చేసినవి. అరిగిన గుజ్జు తిరిగి రాదు. నీళ్ళలో తేలేటప్పుడు మోకాలి మీద బరువు పడదు కాబట్టి ఆ పది నిమిషాలూ అమ్మగారికి హాయిగా ఉంటుంది, దాన్నే అందరూ నయమైందని చెబుతుంటారు.

బురద నల్లగా ఉండటానికి కారణం అందులోని గంధకపు సమ్మేళనాలు, ఆ వాసన కూడా వాటిదే. చాలా మెత్తటి బంకమన్ను అది. ముఖానికి పూసుకుంటే కళ్ళ చుట్టూ వదిలేయాలి, పూర్తిగా ఎండి బీటలు వారేదాకా ఉంచకూడదు. ఒడ్డున తొట్టెల్లో పెట్టి ఉంచుతారు, అందరూ చేతులు ముంచే తొట్టి అది. నచ్చకపోతే షాపులో ప్యాకెట్ కొనుక్కోవచ్చు.

ఊపిరి గురించి కూడా ఒక మాట. గాలి ఒత్తిడి ఎక్కువ కావడంతో ప్రతి శ్వాసలో మనకందే ఆక్సిజన్ సముద్ర తీరంలో కంటే దాదాపు 5 శాతం ఎక్కువ. ఊపిరితిత్తుల జబ్బులున్న కొందరు అక్కడ తేలిగ్గా నడవగలిగారని చిన్న పరిశోధనలు చెప్పాయి. మామూలు మనుషులకు పెద్ద తేడా తెలియదు. ‘పుట్టాక ఇంత హాయిగా ఊపిరి పీల్చలేదు’ అనేవాళ్ళు మాత్రం ప్రతి బస్సులోనూ ఉంటారు.

మృత సముద్రం అన్నారు కదా, నిజంగా ఏమీ బతకదా? చేప బతకదు. యొర్దాను నుంచి కొట్టుకొచ్చినవి నిమిషాల్లో చచ్చిపోతాయి. కానీ 1936లో బెంజమిన్ వోల్కానీ అనే యువ శాస్త్రవేత్త ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు ఉన్నాయని నిరూపించాడు. ఆయన పేరుమీదే ఒకదానికి హాలోఫెరాక్స్ వోల్కానీ అని పేరు పెట్టారు. వానలు బాగా కురిసి పైపొర కాస్త పలచబడినప్పుడు ఇవి విరివిగా పెరుగుతాయి. 1980లోనూ, 1992లోనూ సరస్సు ఎర్రబారింది కూడా. అక్కడే దొరికిన హాలోఆర్క్యులా మారిస్‌మోర్టుయీ అనే మరో జీవి మరీ గొప్పది. ఒంట్లో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు దాన్నే వాడుకున్నారు, అంత ఉప్పులో కూడా చెదరని రైబోజోమ్ దానిది. 2009లో ఆ పరిశోధనలకు నోబెల్ వచ్చింది. అదా యోనాథ్, థామస్ స్టైట్జ్‌లతో పాటు పంచుకున్నది మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, ఆయన పనిచేసింది వేరే బ్యాక్టీరియా మీదనుకోండి. 2011లో గజ ఈతగాళ్ళు అడుగుకు దిగి చూస్తే, మంచినీటి ఊటలు పైకి చిమ్ముతున్న గుంతలు, వాటి చుట్టూ సూక్ష్మజీవుల దట్టమైన పొరలు కనిపించాయి.

మీ వాళ్ళు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఆ సరస్సు కళ్ళ ముందే తగ్గిపోతోంది. 1960లలో నీటి మట్టం సముద్ర మట్టానికి 395 మీటర్ల దిగువన ఉండేది. ఇప్పుడు ఏడాదికి మీటరుకు పైగా పడిపోతోంది. 1964లో యొర్దాను దారిలో ఉన్న గలిలయ సముద్రం అనే మంచినీటి సరస్సు నుంచి ఇజ్రాయెల్ పెద్ద కాలువ తవ్వుకుంది. యొర్దానులో కలిసే యార్ముక్ నది నీళ్ళను జోర్డాన్, సిరియా మళ్ళించుకున్నాయి. యొర్దానులో మిగిలి వచ్చేది పిల్ల కాలువంత. పైగా దక్షిణాన రెండు దేశాల ఫ్యాక్టరీలూ నీటిని తోడి మడుల్లో ఇగిర్చి పొటాష్, బ్రోమిన్ తీస్తాయి. మన రైతులు పొలాల్లో వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో కొంత అక్కడి నుంచి ఓడల్లో వచ్చేదే, కాబట్టి ఆ సరస్సు కొంచెం మన వరి చేలల్లో కూడా ఉంది. ఏన్ బొకెక్ దగ్గర పెద్ద హోటళ్ళ ముందు కనిపించే నీలి నీళ్ళు అసలు సరస్సు కావు, ఫ్యాక్టరీ మడి. అక్కడ తెల్లటి ఉప్పు దిబ్బల ఫొటోలు బాగా వస్తాయి. అసలు సరస్సులో దిగామన్న తృప్తి కావాలంటే ఉత్తరాన కుమ్రాను దగ్గరి కలియా వైపో, జోర్డాన్ ఒడ్డునో దిగాలి.

నీళ్ళు వెనక్కి పోయిన చోట నేల కింద పాత ఉప్పు పొరలు మిగిలాయి. వాటిలోకి మంచినీళ్ళు చేరి కరిగించేస్తే పైనేల ఒక్కసారిగా కుంగిపోతుంది. అలాంటి గుంతలు వేలల్లో ఉన్నాయి. దావీదు దాక్కున్న ఏన్గెదీ ప్రాంతంలో ఒకప్పుడు కిటకిటలాడిన బీచిని 2015లో ఈ గుంతల భయంతోనే మూసేశారు. అక్కడి స్పా కట్టినప్పుడు నీళ్ళు గుమ్మం దగ్గరే ఉండేవి, తర్వాత్తర్వాత జనాన్ని ట్రాక్టర్ బండిలో ఎక్కించి ఒడ్డుకు తీసుకెళ్ళాల్సి వచ్చేది. కంచె దాటి ఫొటో దిగుదామని వెళ్ళేవాళ్ళను ఆపమని మీ వాళ్ళకు గట్టిగా చెప్పండి. ఆ ప్రాంతంలో యుద్ధ పరిస్థితులు ఎప్పుడు ఎలా మారతాయో చెప్పలేం, బయల్దేరే ముందు అక్కడి మన రాయబార కార్యాలయం సూచనలు కూడా చూసుకోండి.

చివరగా ఆన్‌లైన్ ఉప్పు. అసలైనది అయితే అందులో మెగ్నీషియం క్లోరైడ్ ఎక్కువ, అది గాలిలో తేమను లాగేస్తుంది. మన కోస్తాలో వానాకాలం ఒక చెంచాడు పళ్ళెంలో పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి చెమ్మగిల్లి నీరు కారుతుంది. నెలల తరబడి పొడిపొడిగానే ఉండే ఉప్పు కొన్నారంటే అది మామూలు ఉప్పుకు పేరు మార్చింది కావచ్చు. ఎప్సమ్ సాల్ట్ వేరు, అది మెగ్నీషియం సల్ఫేట్. లేబుల్ మీద మెగ్నీషియం క్లోరైడ్ శాతం రాసి ఉందో లేదో చూడండి. మనకు స్నానపు తొట్టెలు ఉండవు కాబట్టి మోచేతులు, పాదాలకు వాడుకోవచ్చు: లీటరు గోరువెచ్చని నీళ్ళకు 50 గ్రాములు, 15 నిమిషాలు, తర్వాత మంచినీళ్ళతో కడిగి మాయిశ్చరైజర్. పొట్టు మెత్తబడుతుంది, దురద కాస్త తగ్గుతుంది. డాక్టర్ రాసిన పూతమందుకు బదులుగా కాదు, దానికి ముందు. షుగరు పాదాలకు నీళ్ళు వేడిగా ఉండకూడదు, పగుళ్ళుంటే వద్దు. బకెట్ నీళ్ళలో పిడికెడు వేసుకుని స్నానం చేస్తే ప్యాకెట్ ఖాళీ అవడం తప్ప ఏమీ ఉండదు.

అమ్మగారు అక్కడే కొంటానంటే బురద ప్యాకెట్లు చెకిన్ సంచిలో పెట్టమనండి. విమానాశ్రయంలో బురదను కూడా ద్రవాల కిందే లెక్కేస్తారు. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించితే చాలా చోట్ల అక్కడే తీసి పక్కన పడేస్తారు.